మనము నాటని మొక్కలు

ధ్యానభాగములు: మత్తయి 15:13, హెబ్రీయులకు 12:14-15, లూకా 13:6-9



మృగశిర కార్తెలో నాలుగు వానలు పడిన పిమ్మట మన పెరళ్లను ఒకసారి చూడుడి. మనము విత్తిన బెండ, బీర, చిక్కుడు ఇంకను మన్ను చీల్చకమునుపే, మనమెవరమును విత్తనివి లేచి నిలిచియుండును. వేపచెట్టు క్రింద వేపమొలకలు గుంపులు గుంపులుగా లేచును. ఎరువు వేసిన పాదులో సర్కారు తుమ్మ తన మొదటి ఆకులు విప్పును. కంచె ప్రక్కను సుబాబులు సన్నని ఆకులతో ఊగును. పిల్లలు తిని ఉమిసిన గింజనుండి చింత మొలచును. బావిగోడలో రాతికిని రాతికిని నడుమ రావి తన ఎఱ్ఱని లేతాకును బయటికి చాపును.

ఈ మొలకలయందు పాపమేమియు లేదు. వేప నీడనిచ్చును, పండ్లు తోముటకు పుల్లనిచ్చును. చింత కూరకు పులుపునిచ్చును. రావిపండ్లు ఎన్నో పక్షులకు ఆహారము. సృష్టి మూడవ దినమున చెట్లు మొలచినప్పుడు దేవుడు వాటిని మంచివిగా ఎంచెనని ఆదికాండము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. అయితే రెండవ అధ్యాయములో ఆ దేవుడే తోటను నరునికి అప్పగించి, దానికొరకు పని చేయుమనియు, దానిని కాపాడుమనియు నియమించెను. మంచిదైన ప్రతిదియు ప్రతి చోటను ఉండదగినది కాదు. వంకాయ పాదు నడుమ చింత ఉండరాదు. ఇంటి గోడలో రావి ఉండరాదు. తోటను తోటగా నిలుపవలెనన్న తోటవాడు ఏర్పరచుకొనవలెను. ఏది తీయవలెను? ఏది వేరొక చోటికి మార్చవలెను? ఎప్పుడు, ఏ విధముగా? ఈ నెల ఈ సంగతిని ధ్యానింతము. ఇది పెరటి సంగతియే, కాని పెరటితో ఆగునది కాదు.

అవి ఎట్లు వచ్చును?

"మేము విత్తలేదే, ఇవి ఎక్కడనుండి వచ్చెను?" అని అడుగుదుము. విత్తకుండ ఏదియు మొలవదు. విత్తినవాడు మనము కాకపోవచ్చును, అంతే.

వేపపండ్లు వేసవి చివర పండును. కాకులు, గోరింకలు, కోకిలలు, గబ్బిలములు వాటిని తిని గింజలను దూరముగా విడుచును. రావి గింజ ఇసుక రేణువంత చిన్నది. పక్షి రెట్టతో గోడ పగులులో పడి, అక్కడనున్న చిటికెడు దుమ్ములోనే వేరూనును. సుబాబులు కాయలు చెట్టుమీదనే ఎండి పగిలి గింజలను రాల్చును.

సర్కారు తుమ్మ వచ్చిన త్రోవ వేరు. దీని జన్మస్థలము మధ్య అమెరికా, దక్షిణ అమెరికా, కరిబియన్ దీవుల ప్రాంతము. 1877లో కడప జిల్లాలోని కమలాపురమునందు అటవీశాఖవారు జమైకా దీవినుండి తెప్పించిన విత్తనములను విత్తిరి. ఎండిన నేలలో వంటచెరకు దొరకవలెనని వారు మంచి ఉద్దేశముతోనే విత్తిరి. నేడు అది బీళ్లలోను, చెరువు కట్టలమీదను, బాటల ప్రక్కలను కంపయై అల్లుకొనియున్నది. మన ఇబ్రహీంపట్నము పెద్ద చెరువు ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, అనగా 1550కిని 1580కిని నడుమ కట్టినదని చెప్పుదురు. ఆ కట్ట కట్టినవారు ఈ తుమ్మను కలలోనైన చూచియుండరు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పనులు ఆరంభమైనప్పుడు చెరువుల పూడిక తీయుటతో పాటు కట్టలమీది కంప కొట్టుట కూడ ఒక పని ఆయెను. ఎవరో ఒక్కసారి విత్తినదానిని తరతరములవారు కొట్టవలసివచ్చుచున్నది.

అది మన పెరటిలోనికి ఎట్లు వచ్చును? మేకలు, పశువులు దాని తియ్యని కాయలను ఇష్టముగా తినును. గట్టి పెంకు గల గింజలు వాటి కడుపులో చావవు. పెంకు మెత్తబడి, మొలచుటకు మరింత సిద్ధపడి పేడతో బయటికి వచ్చును. మనము ఆ పేడనే ఎరువని గంపలతో మోసి పాదులలో వేయుదుము. చూచితిరా? మంచి ఎరువుతోనే ముండ్ల విత్తనము వచ్చెను. పచ్చి పేడ వేయక, కుప్పలో బాగుగా వేడెక్కి చివికిన ఎరువును వేసినయెడల ఈ బాధ చాల తగ్గును.

మన యిండ్లలోనికి చెడుగు వచ్చు విధమును ఇట్టిదే. అది ఎల్లప్పుడు శత్రువు వేషముతో రాదు. పెండ్లివిందులో వినిన మాటతో వచ్చును. చుట్టపుచూపుగా వచ్చినవారి కొండెముతో వచ్చును. "నీ మేలు కోరియే చెప్పుచున్నాను" అను మాట వెంట వచ్చును. ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుచు చెప్పుకొను ముచ్చట్లలోను వచ్చును. అందుచేత మనము వినిన ప్రతి మాటను పచ్చిగా హృదయములో వేసికొనరాదు. ప్రార్థనలో దానిని చివుకనిచ్చి, వేడి తగిలించి, బ్రదికియున్న ముండ్ల గింజను చంపి, మేలైనదానినే ఉంచుకొనవలెను.

మొలకగా నున్నప్పుడే

అనుభవముగల తోటవారు చెప్పు మొదటి మాట: చిన్నప్పుడే తీయుడి. వాన వెలిసిన మరునాడు నేల మెత్తగానుండును. వేపమొలక రెండుమూడు ఆకులతో నున్నప్పుడు చిన్నపిల్ల రెండు వ్రేళ్లతో పట్టి లాగినను వేరుతో సహా వచ్చును. వారము ఆగినయెడల పెద్దవాని పిడికిలి కావలెను. నెల ఆగినయెడల పార కావలెను. సంవత్సరము ఆగినయెడల గడ్డపార, గొడ్డలి, ఒక దినపు కూలి కావలెను. పది సంవత్సరములు ఆగితిమా, ఇక మన చేతిలో లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనేక జాతుల పెద్ద చెట్లను కొట్టుటకు అధికారుల అనుమతి పొందవలసియుండును. రెండు వ్రేళ్లతో తీయదగిన మొలక అర్జీకి, రుసుముకు, కార్యాలయపు వరండాకు మనలను నడిపించును.

గింజలలో రెండు విధములున్నవని కూడ తెలిసికొనుడి. వేపగింజకు ఆయుస్సు తక్కువ. రాలిన కొద్ది వారములలో మొలవనియెడల దాని మొలచు శక్తి పోవును. గనుక ఈ యేటి వేపమొలకలను వానకాలములో తీసివేసితిమా, మరల పండ్లు రాలువరకు నెమ్మది. రాలిన పండ్లను మొలవకమునుపే ఏరినయెడల ఇంకను లాభము. గింజలను నీడను ఆరబెట్టి, పప్పు దంచి, 5 కిలోల పొడికి 100 లీటర్ల నీరు చొప్పున కషాయము చేసి పైరుమీద చల్లినయెడల పురుగు తగ్గును. బాధగా మొలవవలసినది తోటకే మందాయెను. తుమ్మ, సుబాబులు గింజలు ఇట్టివి కావు. గట్టి పెంకులో అవి సంవత్సరముల తరబడి మన్నులో కాచుకొనియుండును. ఈ యేడు అన్నిటిని పెరికినను వచ్చే యేడు మరల కొన్ని లేచును. వాటిని చూచి "మా కష్టము వ్యర్థమాయెను" అనరాదు. విత్తనము రాల్చు పెద్దచెట్టు లేకుండ చేసి, మొలచినదానిని మొలచినట్లే తీయుచుండినయెడల యేటేట తగ్గి, ఒకనాటికి అంతమగును.

మన శోధనలును ఈ రెండు విధములే. కొన్ని ఒక కాలమునకు వచ్చి పోవును. పంట అమ్మిన దినమున చేతిలో డబ్బు ఆడునప్పుడు కలుగు శోధన అట్టిది. ఆ వారము జాగ్రత్తపడినవాడు తప్పించుకొనును. మరికొన్ని లోతున పడియుండి ఎన్నో యేండ్ల తరువాత లేచును. తండ్రి త్రాగుడు, తాతనాటి పగ, చిన్ననాడు పడిన అవమానము అట్టివి. బాప్తిస్మము పొందిన పది యేండ్లకు ఒక పాత కోపము మరల మొలచెనని నిరాశపడిన విశ్వాసులను మేము చూచియున్నాము. ప్రియులారా, మొలక లేచెనని తోట పాడైపోలేదు. లేచినదానిని నీవు చూచితివి, అదియే మేలు. నేడు పెరికివేయుము. రేపు మరల చూడుము. సామెతలు 24వ అధ్యాయములో జ్ఞాని ఒక సోమరివాని చేను ప్రక్కగా నడిచి, అది ముండ్లతో నిండియుండుటయు, దాని రాతిగోడ పడిపోయియుండుటయు చూచెను. ఆ చేను ఒక్క రాత్రిలో అట్లు కాలేదు. "ఇంకొంచెము సేపు" అని వాడు ప్రతిదినము అనుకొనుటవలన అట్లాయెను.

వేరుతో సహా

తోటవారు చెప్పు రెండవ మాట: పైన కోసినది తీసినట్లు కాదు.

సర్కారు తుమ్మను కొడవలితో నేలమట్టముగా కోసి చూడుడి. నేల శుభ్రముగా కనబడును. ఇరువది దినములు గడచిన పిమ్మట ఒక్క కొమ్మ ఉండినచోట నాలుగైదు కొమ్మలు లేచును, ముండ్లు గుత్తులుగానుండును. ఏలయనగా దాని ప్రాణము కొమ్మలో లేదు. కాండమును వేరును కలియు మెడలో, మన్ను క్రింద కన్నులు దాగియున్నవి. జానెడు లోతు త్రవ్వి, ఆ మెడకు దిగువను వేరు నరికి, మొద్దును బయటికి తీసినప్పుడే అది చచ్చును. ఈ తుమ్మకు దగ్గర చుట్టమైన ఒక చెట్టు వేరు అమెరికా దేశపు అరిజోనా రాష్ట్రములో ఒక గని త్రవ్వునప్పుడు 53 మీటర్ల లోతున కనబడెనని 1963లో ప్రకటించిరి. అంత లోతుగల వేరును మొత్తముగా తీయువాడు ఎవడు? అయితే అంతయు తీయనక్కరలేదు. ప్రాణము ఎక్కడ దాగియున్నదో అక్కడికి చేరినయెడల చాలును.

గోడలోని రావి సంగతియు ఇట్టిదే. సొలొమోను లెబానోను దేవదారునుండి గోడలో మొలచు హిస్సోపువరకు చెట్లను గూర్చి ప్రసంగించెనని 1 రాజులు 4:33 చెప్పుచున్నది. గోడలోని మొలక ఆ జ్ఞాని దృష్టికి అల్పము కాలేదు. మనమో దానిని చూచియు చూడనట్లు పోవుదుము, లేదా పండుగకు సున్నము వేయునప్పుడు ఆకు త్రుంచి పైన సున్నము పూయుదుము. ఆకు పోయెను, వేరు గోడలోనే యున్నది. వెలుగు కొరకు మరల బయటికి వచ్చును. ఈలోగా లోపలి వేరు వెండ్రుకవలె దూరి, దారమంతయై, మోకంతయై, ఇటుకను ఇటుకనుండి విడదీయును. దానికి వైద్యమేమి? ఆ చోట సున్నమో సిమెంటో గీకి, అవసరమైనయెడల ఒక ఇటుకను ఊడదీసి, వేరును వెలికి తీసి, ఆ సందును మరల గట్టిగా పూడ్చవలెను. గోడకు కొంచెము నొప్పి కలుగక తప్పదు.

కొందరు కోపముతో మొద్దుమీద ఉప్పు గుమ్మరించుదురు, ఆసిడ్ పోయుదురు. చెట్టు చచ్చునో చావదో గాని ఆ చోట నేల చెడిపోవును. అబీమెలెకు షెకెము పట్టణమును పడగొట్టి దానిమీద ఉప్పు చల్లెనని న్యాయాధిపతులు 9:45లో చదువుదుము. అది తోటవాని పని కాదు, పగవాని పని. చెడుగును తీయు ఆత్రములో మేలు మొలచు నేలను పాడుచేయకుందము. బిడ్డ చేసిన తప్పును తీయబోయి బిడ్డ మనస్సునే చవిటినేల చేయు తండ్రులు మనలో లేరా?

హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో 12వ అధ్యాయము 14వ వచనము అందరితో సమాధానము కలిగియుండుటకు ప్రయాసపడుమని హెచ్చరించుచున్నది. వెంటనే 15వ వచనములో చేదైన వేరు మాట వచ్చుచున్నది. ఒక్కనిలో మొలచిన చేదువలన అనేకులు అపవిత్రులగుదురని అక్కడి భావము. ఆ రెండు వచనములు ప్రక్కప్రక్కన ఊరకయే లేవు. సమాధానము లేనిచోట ఆకు త్రుంచి సున్నము పూయుట మనకు బాగుగా తెలియును. సంస్కారపు ఆదివారమున చేయి కలుపుదుము, వందనములు చెప్పుకొందుము. వేరు మాత్రము అక్కడనే యుండును.

ఒక హద్దుగోడ

ఇట్టి సంగతి ఒకటి చెప్పెదము. పేర్లు అక్కరలేదు. మన గ్రామములలో ఇది క్రొత్తదియు కాదు.

ఒక అన్నయు తమ్ముడును తండ్రి ఇచ్చిన స్థలమును రెండు పాళ్లుగా పంచుకొని నడుమ గోడ కట్టుకొనిరి. ఆ గోడ మొదట ఒక సుబాబులు మొలచెను. అన్న ఇంటివారు "అది వారి ప్రక్కనున్నది, వారే తీయుదురు" అనిరి. తమ్ముని ఇంటివారు "మన మేకలకు ఆకు వచ్చును, ఉండనిమ్ము" అనిరి. మూడు యేండ్లలో అది గోడకంటె ఎత్తుగా పెరిగెను. గోడ బీటవారెను. గోడ ఎవరు కట్టవలెనని మాట వచ్చెను. చెట్టు కొట్టినయెడల కట్టె ఎవరిదని మరియొక మాట వచ్చెను. అటుపిమ్మట చెట్టు మాట పోయి హద్దు మాట వచ్చెను. హైదరాబాదు చుట్టు అవుటర్ రింగ్ రోడ్డు వచ్చిన తరువాత మన ప్రాంతములో భూమి ధర ఎట్లు పెరిగెనో మీకు తెలియును. జానెడు స్థలము కొరకు కొలతగాడు గొలుసుతో వచ్చెను. వదిన మరదలిని పలుకరించుట మానెను. పిల్లలు ఒక గోడకు రెండు ప్రక్కల వేరువేరుగా ఆడుకొనిరి. ఆ రెండు కుటుంబములు గుడిలో చెరియొక ప్రక్క కూర్చుండి, ఒకరు ప్రభువు బల్లయొద్దకు వచ్చిన దినమున మరియొకరు రాకుండిరి.

పెద్దలు చెట్టు కొట్టించిరి. తగవు తీరెననుకొనిరి. వానలకు మొద్దు మరల చిగిర్చెను. చిగిర్చినది చెట్టు మాత్రమే కాదు. అప్పుడు ముసలి తల్లి ఇద్దరిని పిలిచి, "నాయనలారా, మీలో ఎవరు ముందు గడ్డపార పట్టుదురు?" అని మాత్రము అడిగెను. కొంతసేపు ఎవరును కదలలేదు. చివరకు తమ్ముడు గడ్డపార తెచ్చెను. అన్న పార తెచ్చెను. ఇద్దరును కూడి మొద్దును వేరుతో తీయుటకు ఒక పూట పట్టెను. గోడ ఖర్చు చెరిసగము పెట్టుకొనిరి. జానెడు స్థలమును గూర్చి వారు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. అయినను ఆ నెల బల్లయొద్దకు ఇద్దరును వచ్చిరి. ఆ గోడ మొదట ఇప్పటికిని గింజలు మొలచుచున్నవి. ఎవరు ముందు చూచిన వారు తీయవలెనని వారి ఒప్పందము.

"అది ఎవరి ప్రక్కనున్నది?" అను ప్రశ్నను విడిచి, "ఎవరు ముందు చూచిరి?" అని అడుగు ఇండ్లలో చేదు వేరు ఎక్కువ కాలము నిలువదు. మత్తయి 5:23-24లో ప్రభువు బలిపీఠమునొద్దనున్నవానిని లేపి పంపినది, తన సహోదరునికి తనమీద ఏదో ఉన్నదని జ్ఞాపకము వచ్చినందుకే. తప్పు ఎవరిదని అక్కడ విచారణ లేదు. జ్ఞాపకము వచ్చినవాడే వెళ్లవలెను.

ప్రతి మొలకయు కలుపు కాదు

ఇంతవరకు తీయుటను గూర్చి చెప్పితిమి. తీయుటయే తోటపని అయినయెడల తోట ఎడారియగును. కొన్నిటిని మార్చి నాటవలెను.

పాదులో మొలచిన వేప అక్కడ అడ్డమే, గాని ఊరబావి దారిలో అది పదిమందికి నీడ. దానిని మార్చుటకు త్రోవ ఇది: జానెడుకు మించి పెరుగకమునుపే, మబ్బుపట్టిన సాయంకాలమున, పాదును ముందుగా తడిపి, చుట్టునున్న మన్ను గడ్డతో సహా తవ్వితీసి, మూరెడు గుంటలో నాటి, నీరుపోసి, కొన్ని దినములు కొమ్మలతో నీడ కట్టవలెను. ఇంటి గోడకు కనీసము పదునైదు అడుగులు దూరముంచుడి. రావిని ఇంటి దాపున నాటనే రాదు. దాని స్థలము ఊరి బయటి బహిరంగ నేల. 2015 జూలై నెలలో మన రంగారెడ్డి జిల్లాలోని చిలుకూరునందు హరితహారము ఆరంభమైనది మొదలు గ్రామములలో ఎన్నో మొక్కలు పంచిరి. వాటిని సంతోషముతో తెచ్చుకొన్న మనము, దేవుడు పక్షుల ద్వారా ఊరకయే పంపిన మొక్కను కూడ తగినచోట పెట్టుట నేర్చుకొందము. ద్వితీయోపదేశకాండము 20:19లో యుద్ధకాలమందు సహితము ఫలమిచ్చు చెట్లను నరుకకూడదని దేవుడు ఆజ్ఞాపించెను. యుద్ధములోనే అట్లయినయెడల పెరటిలో ఎంత జాగ్రత్త కావలెను!

1793లో మన దేశమునకు వచ్చిన విలియం కేరీ దొరగారి పేరు మీకు తెలియును. శ్రీరాంపూరులో ఆయన ముద్రణాలయమునుండి 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఆయనకు తోటపనియందు మిక్కుటమైన ఆసక్తి. 1820లో కలకత్తాలో వ్యవసాయమునకును తోటపనికిని ఒక సంఘమును స్థాపించెను. ఒకసారి ఇంగ్లాండునుండి ఒక మిత్రుడు విత్తనములు పంపెను. కేరీగారు వాటిని తీసికొని, ఒక్క గింజయైనను పోకూడదని ఖాళీ సంచిని నీడగానున్న ఒక చోట దులిపించెను. కొన్ని దినములకు అక్కడ ఒక చిన్న డైసీ మొలక లేచెను. ఇంగ్లాండు పచ్చికలలో కాళ్లక్రింద పడియుండు పువ్వు అది, కొందరు తోటవారు కలుపని తీసివేయునది. స్వదేశమునకు మరల వెళ్లని ఆ దైవసేవకునికి అది చెప్పనలవికాని సంతోషము కలుగజేసెనని ఆయనయే తన మిత్రునికి వ్రాసెను. ఒకరి పచ్చికలో కలుపైనది మరియొకరి తోటలో ఓదార్పు ఆయెను.

లూకా 13వ అధ్యాయములో యజమానుడు ఫలములేని అంజూరపు చెట్టును కొట్టివేయుమనెను. తోటమాలి మాత్రము ఇంకొక సంవత్సరము గడువు అడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదుననెను. ఆ చెట్టు మొలక కాదు, నాటినది, మూడు యేండ్లుగా వట్టిదై నిలిచినది. అయినను దానికొరకు మాటలాడువాడొకడు ఉండెను. మనకొరకు మాటలాడినవాడు లేనియెడల మనము ఈ దినమున ఎక్కడ నిలిచియుందుము?

మనుష్యులు కలుపు కారు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఈ ప్రసంగము వినిన ఎవరైనను ఇంటికి వెళ్లి, "మన సంఘములో తీయవలసిన మొక్కలు ఎవరెవరు?" అని లెక్కించుట మొదలుపెట్టకూడదు.

మత్తయి 13వ అధ్యాయములో గోదుమల నడుమ గురుగులు కనబడినప్పుడు పనివారు పెరికివేయుదుమని తొందరపడిరి. యజమానుడు వద్దనెను. చిన్నప్పుడు ఆ రెండును ఒకే పోలికగానుండును, వేళ్లు పెనవేసికొనును. ఒకటి లాగినయెడల రెండవది కూడ వచ్చును. ఆ పొలము లోకమనియు, కోయువారు దేవదూతలనియు ప్రభువే భావము చెప్పెను. మత్తయి 15:13లో తండ్రి నాటని ప్రతి మొక్కయు పెరికివేయబడునని చెప్పిన ప్రభువు, ఆ వెంటనే, అభ్యంతరపడిన ఆ పరిసయ్యుల జోలికి పోవద్దని శిష్యులకు సెలవిచ్చెను. పెరుకుట తండ్రి పని. శిష్యుల చేతికి గడ్డపార ఇయ్యలేదు.

కాబట్టి భేదము గుర్తించుడి. మన హృదయము మన పెరడు. అక్కడ గడ్డపార పట్టుట మన విధి. పొరుగువాని ఆత్మ దేవుని పొలము. అక్కడ మనకున్నది నీళ్లకుండ మాత్రమే. పనికొరకు క్రొత్తగా మన ఊరికి వలసవచ్చి వెనుక బల్లమీద కూర్చుండు కుటుంబము కలుపు కాదు. భర్త విడిచిన స్త్రీ కలుపు కాదు. తల్లిదండ్రులు లేక మేనమామ ఇంట పెరుగు పిల్లవాడు కలుపు కాదు. వేరు కులమునుండి వచ్చి బాప్తిస్మము పొందినవాడు కలుపు కాదు. "మేము నాటలేదే" అని మనము అందుము. నాటినవాడు దేవుడు కాడని మనకు ఎట్లు తెలియును? పక్షి విడిచిన గింజనుండియే మన వీధి వేప పెరిగెను గదా. రోమీయులకు 11వ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు అన్యజనులను అడవి ఒలీవ కొమ్మలతో పోల్చి, మంచి చెట్టుకు అంటుకట్టబడిరని చెప్పెను. అడవి కొమ్మలు మనమే. తోటలోనికి మనము వచ్చినది మన హక్కుచేత కాదు.

ఈ నెల చేయదగిన పని

వినుట చాలదు గనుక, ప్రతి కుటుంబము ఈ నెలలో ఒక వాన వెలిసిన మరునాటి ఉదయమున పెరటిలోనికి కలిసి వెళ్లుడి. పెద్దలు గోడలను, బావిని, నీళ్లతొట్టి అడుగును చూడుడి. పిల్లలకు పాదులు అప్పగించుడి. తీయవలసినది వేరుతో తీయుడి. మార్చవలసినది సాయంకాలమున మార్చుడి. ఖాళీ నేలమీద ఎండుటాకులు, గడ్డి పరచినయెడల మరుసటి మొలకలు తగ్గును, తడియు నిలుచును. మీ పని ముగిసిన పిమ్మట మీ వీధిలో ఒంటరిగానున్న విధవరాలి గోడను కూడ చూచి రండి. ఆమె చేతికందని ఎత్తున రావి మొలచియుండవచ్చును.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ప్రతివాడును తన మనస్సులో ఈ మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. ఈ మధ్య నాలో ఏది మొలచినది? నేను ఆకు త్రుంచి పైన సున్నము పూసినది ఏది? నేను కలుపని త్రోసివేసిన మనుష్యుడు ఎవడు? మూడవ ప్రశ్నకు ఒక పేరు జ్ఞాపకమునకు వచ్చినయెడల తెల్లవారగానే ఆ ఇంటికి వెళ్లుడి. వట్టి చేతులతో వెళ్లనక్కరలేదు. మీ పెరటిలో తీసిన మంచి మొక్క ఒకటి మట్టిగడ్డతో తీసికొనిపోవచ్చును.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మాకు అప్పగించిన తోటను మేము కాపాడునట్లు సహాయము చేయుము. చేదును చిన్నప్పుడే చూచు కన్నులను, దాని వేరును తీయు ధైర్యమును మాకు దయచేయుము. నీవు నాటినదానిని మా చేతులు పెరుకకుండ కాపాడుము. తగవులాడు అన్నదమ్ములలో ముందుగా లేచి వెళ్లు మనస్సును పుట్టించుము. మాకొరకు గడువు అడిగిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.